పేజీలు కట్టాక వాక్యం ముట్టుకోను

నెల్లూరు మూలాపేటలో మా ఇంటి ముందు గదే మా ప్రచురణ సంస్థ. ఒక కంప్యూటరు, ఒక లేజర్ ప్రింటరు, రెండు ఇనుప బీరువాలు, గోడ వెంబడి ఇంకా అమ్ముడుపోని పుస్తకాల కట్టలు. సంస్థ అని రాసుకుంటాను గానీ ఉన్నది ముగ్గురమే: నేను, డీటీపీ పని చేసే అబ్బాయి, ఫారానికి (16 పేజీలకు) ఇంత అని తీసుకుని ప్రూఫులు చూసే రిటైరైన తెలుగు టీచరమ్మ. ఏడాదికి నాలుగైదు పుస్తకాలు వేస్తాం. కొత్తగా ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు నా దగ్గరికి వస్తే మొదట అడిగేది ప్రింటింగు ఎక్కడ చేయిస్తారు, రేటు ఎంత అని. రాతప్రతి ప్రెస్సు గడప తొక్కేలోపు ఏం జరగాలో అడిగినవాళ్లు తక్కువ. డబ్బూ నెలలూ కారిపోయేది అక్కడే. అందుకని ఒకే పుస్తకం తీసుకుని మొదటి నుంచి చెబుతాను.

పెన్నా కింది చెరువులు, కాలువలు, వాటిని నమ్ముకున్న ఊళ్ల గురించిన పుస్తకం అది. రాసినాయన నీటిపారుదల శాఖలో చిన్న ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన. ఏ చెరువుకు ఎన్ని తూములో, ఏ వానకు ఏ కలుజు (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) పారిందో, ఏ ఊరి నీరుగట్టు (పొలాలకు నీళ్లు పంచే మనిషి) ఎవరి కొడుకో తడుముకోకుండా చెప్పగలరు. రాతప్రతి మాత్రం మూడు దారుల్లో వచ్చింది. సగం లాంగు నోటుబుక్కుల్లో చేతిరాత. పావు వంతు ఎప్పుడో ఒక మాసపత్రికలో వచ్చిన వ్యాసాలు, పేజీలు కట్టే నాటి సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైళ్లుగా ఒక సీడీలో. మిగిలింది వాళ్ల మనవడు ఫోనులో టైపు చేసి వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపినది.

పని మొదలుపెట్టక ముందే రెండు పేజీల ఒప్పందం రాసుకున్నాం. పెద్దాయన నొచ్చుకున్నారు. "మన మధ్య కాగితాలేమిటమ్మా" అన్నారు. నేను పట్టుబట్టాను. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం హక్కులు ఇచ్చిపుచ్చుకోవడం రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం లెక్కవేస్తుంది. మొదటి ముద్రణ ఎన్ని ప్రతులు, రచయితకు ఎన్ని ఉచితం, రాయల్టీ ఏ లెక్కన, ఈ-బుక్ హక్కు ఎవరిది అన్నవి రాశాను. నా సొంత షరతు ఒకటి చివర చేర్చాను: పేజీలు కట్టిన (పాఠాన్నీ బొమ్మల్నీ అచ్చుపేజీల్లో అమర్చిన) తర్వాత రచయిత కొత్త వాక్యం చేర్చకూడదు, ఉన్నది మార్చకూడదు, తప్పులు మాత్రం చూపవచ్చు. ఆయన అది చదవకుండానే సంతకం పెట్టారు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

ముందుగా పాత ఫైళ్లు. పేజ్‌మేకర్ కాలంలో అను ఫాంట్లతో కొట్టిన తెలుగు, కంప్యూటరుకు తెలుగు కాదు. తెర మీద కనిపించే ఆకారం మాత్రమే తెలుగు, లోపల ఉన్నది వేరే సంకేతాలు. దాన్ని ఏ కంప్యూటరైనా తెలుగుగా చదవగలిగే యూనికోడ్‌లోకి తెస్తేనే వెతకడానికి, సూచిక (ఏ పేరు ఏ పేజీలో ఉందో చెప్పే జాబితా) తయారు చేయడానికి, రేపు ఈ-బుక్ వేయడానికి పనికివస్తుంది. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, నిమిషంలో పని అయిపోయినట్టే ఉంటుంది. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది.

కొన్ని పాత ఫాంట్లలో 'మ' అక్షరాన్ని 'వ' ముక్కకు కొమ్ము తగిలించి కట్టేవారు. కంటికి 'మ'లాగే ఉంటుంది. మార్పిడి యంత్రం దాన్ని 'వు' అని చదువుకుంటుంది. మంత్రి 'వుంత్రి' అయిపోతాడు, మహిళ 'వుహిళ' అవుతుంది, ముఖ్యం 'వుుఖ్యం' అవుతుంది. పాత వార్తలు కంప్యూటర్లో వెతికిన ప్రతివాళ్లూ ఈ వుంత్రులను చూసే ఉంటారు. మా అబ్బాయి హుషారైనవాడు. "అక్కా, 'వుం' అన్నది ఎక్కడుంటే అక్కడ 'మం' అని ఒక్క దెబ్బకు మార్చేద్దాం" అన్నాడు. ఆగమని, పెద్దాయన వ్యాసం ఒకటి తెరిచి చూపించాను. ఆయన పాతకాలపు మనిషి, 'ఉండేది' అని రాయరు, 'వుండేది' అని రాస్తారు. 'ఊరికి తూర్పున చెరువు వుండేది' అన్న వాక్యం ఆ ఒక్క దెబ్బకు 'ఊరికి తూర్పున చెరువు మండేది' అయి కూర్చుంటుంది. అబ్బాయి నవ్వి, మౌస్ వదిలేశాడు.

తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. తెలుగులో ఎలాగూ ఉండలేనివి ముందు: ఒకే అక్షరానికి రెండు కొమ్ములు, మాట మొదట్లో ఒంటరి ఒత్తు, రెండు గుడులు. వీటిని ఒక్కసారిగా మార్చినా ప్రమాదం లేదు. ఉండగలిగే వాటిని ఒక్కొక్కటిగా చూస్తూ మార్చాలి. మరొకటి ఉంది, అది కంటికి కనిపించదు. 'హైదరాబాద్‌లో' అని రాసినప్పుడు 'ద్'కూ 'లో'కూ మధ్య కనిపించని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. మార్పిడిలో అది పోతే ల ఒత్తు ద కిందికి చేరి 'హైదరాబాద్లో' అవుతుంది. ఇంగ్లిష్ మాటలకు తెలుగు విభక్తులు తగిలించిన ప్రతిచోటా ఈ బెడద. పొల్లు తర్వాత హల్లు వచ్చిన మాటలన్నీ జాబితా తీసి చూసుకోవలసి వచ్చింది.

చేతిరాత భాగాన్ని అబ్బాయి టైపు చేశాడు. దాన్ని సరిచూసేటప్పుడు టీచరమ్మ పద్ధతి వేరు. ఆమె ఒక్కరే కూర్చుని ప్రూఫు చదవరు. ఒకరు నోటుబుక్కు చూసి పైకి చదవాలి, ఆమె టైపు కాగితం మీద పెన్సిల్ నడుపుతారు. కామా దగ్గర "కామా" అని, పేరా మారితే "పేరా" అని అనాలి. మధ్యాహ్నం పూట మా ముందు గది వీధి బడిలా ఉంటుంది. నవ్వుకోవచ్చు గానీ, ఒంటరిగా చదివినప్పుడు మన కన్ను లేని అక్షరాన్ని కూడా ఉన్నట్టే చదివేస్తుంది. ఒక వరుస మొత్తం ఎగిరిపోయిన చోట్లు ఇలా చదివినప్పుడే దొరికాయి. ఒకే మాట రెండు వరుసల్లో ఉంటే టైపు చేసేవాళ్ల చూపు మొదటిదాని నుంచి రెండోదానికి దూకుతుంది, మధ్యలోది మాయం. వాక్యం అర్థవంతంగానే ఉంటుంది కాబట్టి మూలం పక్కన లేకుండా ఎవరూ పట్టలేరు.

అక్షరాల పని ఇలా సాగుతుండగా నేను విషయం మీద పడ్డాను. ఏళ్ల తరబడి రాసిన పుస్తకంలో కాలం అతుకులు అతుకులుగా ఉంటుంది. ఒక అధ్యాయంలో సంగం దగ్గర కొత్త బ్యారేజీ 'కడుతున్నారు'. సంగం, నెల్లూరు బ్యారేజీలు రెండూ 2022 సెప్టెంబరులో ప్రారంభమయ్యాయి. సోమశిల సామర్థ్యం ఒక చోట 78 టీఎంసీలు, మరో చోట 72. సరైనది 78. ఇలాంటివి దిద్దడం తేలిక. చిక్కంతా 'మన జిల్లా' అన్న మాటతో వచ్చింది. కందుకూరు, కనిగిరి, పొదిలి ప్రాంతాలు 1970 దాకా నెల్లూరు జిల్లావి. ఆ ఏడాది ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను మళ్లీ విభజించినప్పుడు కందుకూరు నెల్లూరులోకి వచ్చింది, గూడూరు తిరుపతి జిల్లాలోకి పోయింది. పెద్దాయన రాతప్రతిలో 'మన జిల్లాలోని చెరువులు' అన్నప్పుడల్లా ఏ ఏడాది జిల్లా అని అడగవలసి వచ్చేది. చివరకు జిల్లా పేర్లన్నీ తీసేసి, ప్రతి చెరువుకూ ఊరు, మండలం, ఏ వాగు కిందో రాయించాను. రేపు సరిహద్దులు మళ్లీ జరిగినా చెరువు జరగదు కదా. ఆయనకు ఇది బాగా నచ్చింది, మిగిలిన ఊళ్ల వాగుల పేర్లు మర్నాటికే పట్టుకొచ్చారు.

కొలతలతోనూ ఇదే తంటా. పుట్టి అంటే నెల్లూరు రైతుకు 850 కిలోల ధాన్యం. ఈ జిల్లా దాటితే ఆ లెక్క అర్థం కాదు. మొదటిసారి వచ్చిన చోట కిలోల లెక్క వాక్యంలోనే చెప్పి, తర్వాత పుట్టి అని ఊరుకున్నాం. అలాగే ఒక పెద్ద తెల్లకాగితం మీద మా నిర్ణయాలన్నీ రాసి కంప్యూటరు పక్కన అంటించాను: కలుజు అనే రాయాలి, అలుగు అని మార్చకూడదు, సంవత్సరాలు అంకెల్లో, 'వుండేది' రచయిత సొంత వాక్యాల్లో 'ఉండేది', ఊరివాళ్లు మాట్లాడిన మాటల్లో యథాతథం, పాట పాడినవాళ్ల పేరు అధ్యాయం చివర. ఈ కాగితం లేకపోతే ఇరవయ్యో పేజీలో నేను దిద్దినదాన్ని నూరో పేజీలో టీచరమ్మ తిరగదిద్దుతారు. మేమిద్దరం ఎవరి మటుకు వాళ్లం సరిగ్గానే చేశామనుకుంటాం.

ఇవన్నీ అయ్యాక, పేజీలు కట్టక ముందు, రాతప్రతి మొత్తం మామూలు కాగితాల మీద వరుసల మధ్య బాగా ఎడం వదిలి ప్రింటు తీసి పెద్దాయనకు ఇచ్చాను. ఇదే చివరి అవకాశం, చేర్చేది చేర్చండి, కొట్టేసేది కొట్టేయండి, ప్రతి పేజీ కింద పొడి సంతకం పెట్టండి అని చెప్పాను. ఎర్ర ఇంకుతో నిండిపోయి తిరిగివచ్చింది. ఆ ఎర్ర ఇంకు నాకు సంతోషమే. ఆ దశలో వాక్యం మారిస్తే ఖర్చు ఒక నిమిషం. పేజీలు కట్టాక అదే వాక్యం మారిస్తే కింద వరుసలన్నీ జరుగుతాయి, బొమ్మ పక్క పేజీకి పోతుంది, శీర్షిక పేజీ అడుగున ఒంటరిగా మిగులుతుంది, సూచికలో అంకెలు తప్పుతాయి, అన్నిటికీ మించి దిద్దిన చోట పుట్టిన కొత్త తప్పును ఎవరూ మళ్లీ చదవరు. అచ్చయిన పుస్తకాల్లో ఘోరమైన తప్పులు ఎక్కువగా చివరి నిమిషంలో దిద్దిన వాక్యాల్లోనే ఉంటాయి. నమ్మకం లేకపోతే ఏ ప్రూఫు రీడరునైనా అడగండి.

పేజీలు ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో కట్టాం. పాత వెర్షను వాడేవాళ్లు వరల్డ్ రెడీ కంపోజర్ అన్న ఎంపిక చేసుకోకపోతే తెలుగు ఒత్తులు విడివిడిగా చెల్లాచెదురవుతాయి. అక్షరాలు సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా అందించిన మండలి, అధ్యాయాల పేర్లకు రామభద్ర. డెమీ 1/8 సైజు, అంటే అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. 12 పాయింట్ల అక్షరానికి వరుసల దూరం 18 పాయింట్లు పెట్టాం. ఇంగ్లిష్ పుస్తకాలు చూసి నేర్చుకున్న కుర్రవాళ్లు 14, 15 పెట్టేస్తారు. తెలుగులో పై వరుసలో 'స్త్రీ' కిందికి దిగుతుంది, కింది వరుసలో గుడి పైకి లేస్తుంది, రెండూ కొట్టుకుంటాయి. సన్నని వరుసల్లో సంధి కలిసిన పొడవాటి మాటలు వస్తే రెండు పక్కలా సమంగా సర్దేటప్పుడు మధ్యలో తెల్లటి గండ్లు పడతాయి. అలాంటి చోట మాటను అక్షరం దగ్గర విరవడానికి టీచరమ్మ ఒప్పుకున్నారు గానీ, రెండక్షరాల ముక్క మరుసటి వరుసలో మిగలకూడదని షరతు పెట్టారు.

కట్టి చూస్తే, సూచికకు వదిలిన ఆరు పేజీలతో కలిపి 211 వచ్చాయి. ఇక్కడ కొత్తవాళ్లకు ఒక లెక్క. డెమీ షీటు రెండు వైపులా అచ్చువేసి మడిస్తే 16 పేజీలు, దాన్నే ఫారం అంటాం. 13 ఫారాలంటే 208 పేజీలు. మూడు పేజీలు ఎక్కువైతే ఇంకో ఫారానికో, కనీసం అరఫారానికో కాగితం, ప్లేటు, మడత, కుట్టు అన్నీ పెట్టాలి, చివర తెల్ల పేజీలు వదలాలి. ఎక్కడ తగ్గించాలి? నా చూపు ముందుమాటల మీద పడింది. మన తెలుగు పుస్తకాలకు ముందుమాటల పిచ్చి ఎప్పటినుంచో ఉంది. ఈ పుస్తకానికి నాలుగు. అందులో ఒక స్థానిక ప్రముఖుడిది సరిగ్గా మూడు పేజీలు. పెద్దాయన మంచితనం, వినయం, సమయపాలన గురించి రాశారు. చెరువు అన్న మాట మూడు పేజీల్లో ఎక్కడా లేదు. తీసేద్దామంటే పెద్దాయనకు ప్రాణం ఒప్పదు. నేను ఫారాల లెక్క కాగితం మీద వేసి చూపించి, ఆ ముందుమాటలోంచి నాలుగు మంచి వాక్యాలు వెనక అట్ట మీద ఆయన ఫొటోతో సహా వేద్దామన్నాను. వెనక అట్ట అనగానే అందరూ సంతోషించారు. 208తో పని ముగిసింది. గణితంతో చెబితే ఎవరికీ కోపం రాదని నా అనుభవం.

పేజీ సంఖ్యలు ఖాయమయ్యాక సూచిక మొదలుపెట్టాం. యూనికోడ్ కోసం పడిన కష్టమంతా ఇక్కడ తిరిగివచ్చింది. ఊరి పేరు వెతికితే పేజీలు వరసగా దొరుకుతాయి. అయినా ఒకే పేరున్న రెండు ఊళ్లను మనిషే విడదీయాలి.

అప్పుడే పెద్దాయన ఒక సాయంత్రం ఆటో దిగారు. బుచ్చిరెడ్డిపాళెం వైపు ఒక ముసలాయన కనిగిరి రిజర్వాయరు గురించి కొత్త సంగతి చెప్పాడట, ఎలాగైనా చేర్చాలి. కాగితం ముందే రాసుకుని వచ్చారు, రెండు పేజీలు. ఒప్పందం తీసి చివరి షరతు చూపించాను. కళ్లజోడు సవరించుకుని మొదటిసారి చదివారు.

"ఇది ఎప్పుడు రాశావమ్మాయీ?"

"మీరు సంతకం పెట్టకముందే సార్."

కాసేపు మౌనం. కాఫీ తెప్పించాను. నిజానికి ఆ సంగతి బాగుంది, పుస్తకంలో ఉండవలసిందే. వదులుకోవడం నాకూ ఇష్టం లేదు. ఇలాంటి సందర్భానికి నేను ఒక సందు వదులుకుంటాను. ప్రతి అధ్యాయం కొత్త పేజీలో మొదలవుతుంది కాబట్టి ముందు అధ్యాయం చివరి పేజీలో ఎంతో కొంత ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో పట్టేది ఏదైనా మిగతా పేజీలను కదిలించదు. కనిగిరి రిజర్వాయరు అధ్యాయం చివర పద్నాలుగు వరుసల చోటు ఉంది. "రెండు పేజీలను పద్నాలుగు వరుసలు చేయగలిగితే అధ్యాయం చివర వేస్తాను" అన్నాను. ఆయన అక్కడే కూర్చుని కొట్టేస్తూ, తిరగరాస్తూ రాత్రి ఎనిమిది దాకా ఉన్నారు. పదమూడు వరుసలకు తెచ్చారు. పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం అదే. చోటు లేదంటే మనిషి ఎంత బాగా రాస్తాడో!

బొమ్మల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే నియమాలు అందరికీ తెలిసినవే, పాటించేవాళ్లే లేరు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపమని మనవడికి చెప్పాను. నాలుగు అంగుళాల వెడల్పున అచ్చు కావాలంటే కనీసం 1200 పిక్సెళ్లు ఉండాలి. పాత ఫొటోలను మేమే స్కాన్ చేశాం. పుస్తకాలకు వాడే మాప్‌లితో కాగితం ఇంకు పీల్చుకుంటుంది, కాబట్టి తెరమీద సరిగ్గా కనిపించే నలుపు తెలుపు ఫొటో అచ్చులో బొగ్గులా వస్తుంది. కొంచెం వెలుతురు పెంచి పంపాలి. పెద్దాయన చేత్తో గీసిన కాలువల పటాన్ని మళ్లీ గీయించాం. పావు పాయింటు కన్నా సన్నని గీత అచ్చులో నిలవదు, పిల్లకాలువలన్నీ ఎండిపోయినట్టు మాయమవుతాయి. ఇంటర్నెట్‌లో దొరికిన సోమశిల ఫొటో ఒకటి వేద్దామన్నారు. ఎవరు తీశారో తెలియనిది వద్దన్నాను. మనవడు మోటారు సైకిలు మీద వెళ్లి తీసుకొచ్చాడు.

పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ సంఖ్యకు ముందే దరఖాస్తు చేసి ఉంచాను, ఎందుకంటే ఆ సంఖ్య లేకుండా హక్కుల పేజీ, వెనక అట్ట పూర్తికావు. రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ ఆన్‌లైన్‌లో ఇస్తుంది, రుసుము లేదు. తెప్పించి పెడతామని డబ్బు అడిగేవాళ్లుంటే ఇవ్వకండి. అట్ట ఫైలు మాత్రం చివరికి దాచుకోవాలి. వీపు ఎంత మందమో తెలియకుండా అట్ట కట్టలేం. చాలామంది అంచనాగా వేస్తారు, పుస్తకం పేరు వీపు మీద నుంచి జారి ముందు అట్ట అంచుకు వస్తుంది. నేను ప్రెస్సువాళ్లను అదే 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) కాగితంతో 104 ఆకుల ఉత్త పుస్తకం ఒకటి కుట్టి పంపమంటాను. దాన్ని స్కేలు పెట్టి కొలుస్తాను. పదికి కాస్త తక్కువ మిల్లీమీటర్లు వచ్చింది. చుట్టూ 3 మిల్లీమీటర్ల కోత అంచు వదిలి అట్ట ఫైలు పూర్తిచేశాం.

పీడీఎఫ్ పంపే ముందు చూసుకోవలసినది ఒకటుంది. వర్డ్ నుంచి తెచ్చిన అక్షరాల నలుపు ఒక్కోసారి అసలు నలుపు కాదు, నాలుగు రంగులు కలిసిన నలుపు. ఒకే రంగులో అచ్చువేసినప్పుడు అది బూడిద రంగుగా మారి, అక్షరాల అంచులు చుక్కలు చుక్కలుగా వస్తాయి. భూతద్దం పెడితే గానీ తెలియదు, చదివేవాళ్లకు మాత్రం కళ్లు లాగుతాయి. నూటికి నూరు పాళ్లు ఒకే నలుపు ఉందో లేదో పీడీఎఫ్‌లోనే ప్లేట్లు విడదీసి చూడవచ్చు.

అచ్చు విజయవాడలో వేయిస్తాం. నెల్లూరు ప్రెస్సుల్లో శుభలేఖలు, కరపత్రాలు చక్కగా వేస్తారు, పుస్తకం కుట్టు దగ్గరికి వచ్చేసరికి ఇబ్బంది. ఒకప్పుడైతే మద్రాసు వెళ్లేవారు. 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ళ వారి ప్రెస్సు ఇంటిపేరు ఈ జిల్లాలోని ఊరి పేరే. కాగితం లెక్క ప్రెస్సు చెప్పినదాన్ని నమ్మడం కాకుండా నేనూ వేసుకుంటాను. 13 ఫారాలు, 500 ప్రతులు, అంటే 6,500 డెమీ షీట్లు. ప్రెస్సుకు వచ్చేది 23, 36 అంగుళాల డబుల్ డెమీ కాబట్టి అందులో సగం, 3,250. రీముకు 500 చొప్పున ఆరున్నర రీములు, తరుగుతో ఏడు. 70 జీఎస్‌ఎం రీము 18.7 కిలోలు తూగాలి. తూకం అడిగితే మొదట చిరాకుపడతారు, తర్వాత మర్యాదగా మాట్లాడతారు.

సాయంత్రం పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రికి విజయవాడ చేరి, పొద్దున ప్రెస్సు తెరిచేసరికి గుమ్మంలో ఉంటాను. మిషను మీద నుంచి వచ్చిన మొదటి షీటు తీసుకుని అక్కడే మడిచి పేజీల వరస చూడాలి. ముందు వైపు, వెనక వైపు వరుసలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయా అని వెలుతురుకు ఎత్తిపట్టి చూడాలి. కూర్చోకపోతే వెనక పేజీ వరుసలు మధ్యలోంచి నీడలా కనిపిస్తాయి. ఈసారి రెండో ఫారంలో ఇంకు పల్చగా ఉంది. మిషను నడిపే ఆయనకు చూపిస్తే ఏమీ అనకుండా సరిచేశారు. బైండింగు ఫారాలు కుట్టి జిగురు వేయించాను, అట్ట 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్. ఉత్త జిగురుతో అతికిస్తే చవకే గానీ, గ్రంథాలయంలో పదిమంది చేతులు పడేసరికి ఆకులు చేతికొస్తాయి. చెరువుల పుస్తకం కొనేది ఎక్కువగా గ్రంథాలయాలే.

వెల వేసేటప్పుడు పెద్దాయన చాలా తక్కువ పెట్టమన్నారు, రైతులు కొనాలని. ఆయన మంచితనం నాకు అర్థమవుతుంది. అమ్మిపెట్టే దుకాణాలకు 40 శాతం దాకా తగ్గించి ఇవ్వాలి, డబ్బు నెలల తర్వాత వస్తుంది, ఉచిత ప్రతులు పోతాయి. ముద్రణ ఖర్చుకు మూడింతలైనా లేని వెలతో చిన్న ప్రచురణకర్త రెండో పుస్తకం వేయలేడు. అందుకని అట్ట మీద వెల నా లెక్క ప్రకారం వేసి, పురమందిరంలో ఆవిష్కరణ నాడు మాత్రం సగం వెలకు ఇచ్చాం. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదన్నది ఒక్కటే ఊరట.

మన వాళ్లలో చాలామంది మరిచిపోయేది మరొకటుంది. 1954 నాటి చట్టం ప్రకారం ప్రతి పుస్తకం ఒక్కో ప్రతిని వెలువడిన 30 రోజుల్లోపు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు, ముంబయి, ఢిల్లీల్లోని గ్రంథాలయాలకు ప్రచురణకర్త సొంత ఖర్చుతో పంపాలి. జరిమానా చిన్నదే, అందుకని ఎవరూ పట్టించుకోరు. నేను మొదటి కట్ట విప్పగానే నాలుగు ప్రతులు పక్కన పెడతాను. మా పుస్తకాలన్నీ మూలాపేట వానకు తడిసిపోయినా కోల్‌కతాలో ఒకటి ఉంటుందన్న ధీమా. పుస్తకాలకు తపాలా శాఖ 2025 మే నెలలో జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది, పాఠకులకు ఒక్కో ప్రతి పంపడానికి ఇప్పుడు అదే వాడుతున్నాం.

ఆవిష్కరణ అయిన వారానికి ముగ్గురు పాఠకులు తప్పులు రాసి పంపారు. ఒక తూము పేరు, రెండు అచ్చుతప్పులు. అవన్నీ ఒక ప్రతిలో పెన్సిల్‌తో గుర్తుపెట్టి, అట్ట మీద 'దిద్దుబాటు ప్రతి' అని రాసి బీరువాలో పెట్టాను. కంప్యూటర్లో చివరి పీడీఎఫ్, ఇన్‌డిజైన్ ఫైలు, ఫాంట్లు, బొమ్మలు, ఉత్త యూనికోడ్ పాఠం అన్నీ ఒకే ఫోల్డరులో చేర్చి రెండు చోట్ల దాచాం, ఒకటి మా దగ్గర, ఒకటి పెద్దాయన మనవడి దగ్గర. ఆ సీడీలోని పేజ్‌మేకర్ ఫైళ్లు తెరవడానికి పాత కంప్యూటరు ఒకటి వెతుక్కుని ఊరంతా తిరిగినవాళ్లం, రెండో ముద్రణ నాటికి మళ్లీ ఆ పని పెట్టుకోదలచుకోలేదు.